సీసం కాగితం

సులోచన గాజునాళికలో నాలుగు పాలరాతి ముక్కలు వేసి, మీద పలచటి యాసిడ్ పోసింది. ముక్కలు బుసబుసమని నురగ కక్కాయి. వచ్చిన వాయువును చిన్న సీసాలోకి పట్టి, బిరడా బిగించి, బల్ల మీదున్న మరో నాలుగు సీసాల పక్కన పెట్టింది. ఐదు సీసాల్లో ఐదు వాయువులు. చూడటానికి ఐదూ ఖాళీవే. తర్వాత కళ్ళు మూసుకుని వాటిని అటూ ఇటూ మార్చేసింది. ఇప్పుడు ఏది ఏదో ఆమెకూ తెలియదు. పరీక్ష పద్ధతే అది.

"తయారేనా తమ్మీ?" అంది.

"ఎప్పుడో తయారక్కా. కానియ్యి."

తెర అవతల కుర్చీలో ఆమె తమ్ముడు శ్రీశైలం కూర్చుని ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. హైదరాబాదులోని పాత డ్రైనేజీ లైన్లలో పదమూడేళ్ళుగా పని చేస్తున్నాడు. మనుషులు దిగకూడదని చట్టం ఎంత చెప్పినా, యంత్రాలు దూరలేని ఇరుకు సందుల్లో మనుషులే దిగుతున్నారు. దిగినవాళ్ళలో కొందరు పైకి రావడం లేదు. మూడేళ్ళ క్రితం ఒకే మ్యాన్‌హోల్‌లో తోటి పనివాడు బాలనర్సయ్య పడిపోతే, అతన్ని తీయడానికి ఇంకొకడు, వాడి కోసం మరొకడు దిగి ముగ్గురూ పోయారు. నాలుగోవాడిగా శ్రీశైలం కాలు లోపల పెట్టినప్పుడు ఎవరో నడుం పట్టి వెనక్కి లాగారు.

అందుకే ఏడు నెలల క్రితం డాక్టర్ ఫర్హానా తన పరిశోధనకు మనిషి కావాలన్నప్పుడు, ఆ ల్యాబులో టెక్నీషియనుగా పనిచేసే అక్కకు కూడా చెప్పకుండా వచ్చి సంతకం పెట్టాడు. ఫర్హానా అతని ముక్కు పైభాగంలో, వాసన నరం మొదలయ్యే చోట, వెంట్రుక కంటే సన్నటి ఒక పోగును అమర్చింది. ప్రాణమున్న పోగు అది. పట్టుపురుగుకు రెక్కలొస్తే పట్టుచిలుక అవుతుంది. మగ పట్టుచిలుక తన జంట ఎక్కడో దూరంగా ఉన్నా మీసాలతోనే పసిగడుతుంది. ఆ మీసాల్లోని కణాలను మార్చి మార్చి, పదేళ్ళు శ్రమపడి ఫర్హానా దాన్ని పెంచింది. అసలు వాసనే లేని వాయువులకు కూడా ఆ పోగు వాసన పుట్టిస్తుంది. అది ఎలాంటి వాసన అన్నది మాత్రం పెట్టుకున్నవాడి మెదడు ఇష్టం.

సులోచన మొదటి సీసా బిరడా తీసి తెర కిందుగా జరిపింది.

"తడి పలక," అన్నాడు శ్రీశైలం. "కార్బన్ డయాక్సైడ్."

ఆమె సీసాలో కాస్త సున్నపు తేట పోసి ఊపింది. తేట పాలలా తెల్లబడింది. రాసుకుంది.

రెండోదానికి "అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా" అన్నాడు. అంటే ఆక్సిజన్. సులోచన కొబ్బరి చీపురు పుల్ల కొసను వెలిగించి, ఆర్పి, నిప్పు మాత్రం మిగిలిన ఆ కొసను సీసాలో పెట్టింది. నిప్పు భగ్గుమని మళ్ళీ మంటయింది. ఈ ల్యాబుకు రాకముందు పదకొండేళ్ళు ఆమె ఒక సర్కారు హైస్కూల్లో ల్యాబు అటెండరు. అక్కడ పరీక్షలన్నీ చీపురు పుల్లలతోనే చేసేది. ఇక్కడికొచ్చినా ఆ అలవాటు మానలేదు.

మూడోది హైడ్రోజన్ అన్నాడు. మంట చూపగానే టప్పుమంది. నాలుగోది అమోనియా. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారింది. ఐదో సీసా తెర దాటకముందే శ్రీశైలం మొహం పక్కకు తిప్పేసుకున్నాడు.

"దీని పేరు గూడ చెప్పాల్నా అక్కా? బాలనర్సయ్యను తిన్నది ఇదే."

సీసపు లవణం కరిగించిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన తెల్ల కాగితం ఒకటి తీసి, తడిపి, సులోచన ఆ సీసా మూతి దగ్గర పట్టింది. కాగితం చూస్తుండగానే గోధుమరంగుకు, అక్కణ్ణించి నలుపుకు తిరిగింది. హైడ్రోజన్ సల్ఫైడ్.

ఈ ఏడు నెలల్లో ఎనిమిది వందల పన్నెండు సీసాలు. ఒక్కటి తప్పలేదు.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న డాక్టర్ ఫర్హానా లోపలికి వచ్చింది. "వచ్చే గురువారం ప్రదర్శన," అంది. "డ్రైనేజీ శాఖ వాళ్ళంతా వస్తున్నారు. ఒప్పుకుంటే అరవై మందికి పోగు పెడతాం. వాయువులు కొలిచే మీటర్లు పాడైపోవడం, మనుషులు వాటిని ఇంట్లో మరచి రావడం ఇక ఉండదు. ముక్కును ఎవరూ ఇంట్లో మరచి రారు కదా."

శ్రీశైలం గర్వంగా నవ్వాడు. సులోచన కూడా నవ్వింది.

*

ఆదివారం మధ్యాహ్నం శ్రీశైలం భార్య మంజుల వదినను భోజనానికి పిలిచింది. బగారన్నం, కోడికూర. వాళ్ళ ఆరేళ్ళ పాప సహస్ర, అత్త పక్కనే చేరి బడి కబుర్లు చెబుతోంది. సులోచన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. అన్నంలో ఉప్పు తప్ప ఏ రుచీ లేదు.

ఎదురుగా తమ్ముడు రెండో మారు వడ్డించుకుంటున్నాడు. "ఇయ్యాల మసాలా మస్తు పట్టింది," అన్నాడు భార్యతో.

మంజుల వదిన వంక చూసింది. తిన్న కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాక, వెనకే వచ్చిన సులోచనను పక్కకు పిలిచింది.

"వదినా, నేను ఇయ్యాల లవంగాలు, చెక్క, సాజీర ఏవీ ఎయ్యలే. కావాల్ననే ఎయ్యలే. ఏమంటడో చూద్దామని."

"ఎన్నాళ్ళసంది ఇట్ల?"

"నెల దాటింది. మొన్న పాలు మాడి ఇల్లంత కంపు. పొయ్యి పక్కన్నే కూసున్నడు, లేవలే. నేను దుకాణం నుంచి ఉరుక్కుంటొచ్చి బందు చేసిన. అడిగితే ధ్యాస లేదంటడు. నాకేమో భయమైతంది."

ల్యాబులో తాను ఎనిమిది వందల పరీక్షలు చేసింది. మంజుల చేసింది ఒక్కటే. ఆ ఒక్క పరీక్ష తనకెందుకు తోచలేదని సులోచనకు సిగ్గేసింది.

శ్రీశైలం మేడమీద బట్టలు ఆరేసే తీగ దగ్గర ఉన్నాడు. ఆమె దాపరికం లేకుండా అడిగింది. అతను మొదట తల తిప్పుకున్నాడు. తర్వాత పిట్టగోడ మీద కూర్చుని మెల్లగా చెప్పాడు.

"ముందుగాల పువ్వుల వాసన పోయింది. అటెన్క కూరలది. సబ్బుది. ఒక్కొక్కటే పోయినయక్కా, దీపాలార్పినట్టు. పోతె పోనియ్యిలే అనుకున్న. ఇప్పుడు సహస్రను ఎత్తుకుంటే గూడ తడి పలక వాసననే వస్తది. దాని ఊపిరిల ఉన్న కార్బన్ డయాక్సైడ్. గంతే. బిడ్డ వాసన లేదు."

సులోచన అతని పక్కన కూర్చుంది.

"మేడంకు చెప్పకక్కా."

"చెప్పకుంట ఎట్ల ఉంటరా? రేపు అరవై మందికి పెడ్తరు."

"చెప్తే ఇది పీకేస్తరు. నీకు తెల్వదు. పదమూడేండ్లు నేను రోజు చచ్చుకుంటనే దిగిన. మూత తీసినప్పుడల్లా నలుగురు దేవుళ్ళకు మొక్కేటోన్ని. ఈ పోగు పెట్టినంక ఆ భయం పోయింది. కూర వాసన లేకుంటే ఏమైతది? మనిషి ఉంటడు గద."

"బిడ్డ వాసన?"

అతను తీగ మీద ఆరుతున్న సహస్ర గౌను వైపు చూశాడు.

"నేను రాస్త," అంది సులోచన లేస్తూ. "నువ్వు తిట్టినా రాస్త. నా పనే అది. కనపడింది కనపడ్డట్టు రాయాలె."

ఆ రోజు అతను అక్కను గేటు దాకా సాగనంపలేదు.

*

సోమవారం పొద్దున ఆమె రికార్డు పుస్తకంలో అన్నీ రాసింది. మసాలా లేని అన్నం, మాడిన పాలు, పాప. డాక్టర్ ఫర్హానా ఆ పేజీని రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మెదడులో వాసనలకు ఉన్న చోటంతా పోగు ఆక్రమించుకుంటోందన్నమాట," అంది. "ఇది నేను ఊహించలేదు. గురువారం అయిపోగానే అతన్ని పరీక్షిస్తాను. అవసరమైతే తీసేస్తాను. మూడు రోజుల్లో మునిగిపోయేదేమీ లేదు కదా, సులోచన గారూ."

సులోచన అక్కడే నిలబడింది. "ఇంకో మాట మేడం. సల్ఫైడ్ వాయువు మామూలు ముక్కును చంపేస్తది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన కొడ్తది. ఎక్కువున్నా, చాలాసేపు పీల్చినా ఆ వాసన తెల్వకుండ పోతది. వాయువు పోయిందనుకొని మనిషి దిగుతడు. పోగుకు కూడ అట్ల అయితదేమో."

"పోగు మన ముక్కు కాదు. పట్టుచిలుక మీసం. అది అలసిపోదు."

"ఎంతసేపు చూసినం మేడం?"

"ఒక్కో సీసా అర నిమిషం."

"మ్యాన్‌హోల్ దగ్గర అర నిమిషంల పని కాదు."

"నిజమే. అదీ చూద్దాం. గురువారం కానివ్వండి."

ఫర్హానా చెడ్డ మనిషి కాదు. పదేళ్ళ కష్టం గుమ్మం దాకా వచ్చినప్పుడు మూడు రోజులు ఆగడం ఎవరికైనా బరువే. సులోచన వాదించలేదు. చేతులకు తొడుగులు వేసుకుని, వడపోత కాగితాన్ని వేలెడంత ముక్కలుగా కత్తిరించి, సీసపు లవణం నీళ్ళలో ముంచి, దారానికి వేలాడదీసి ఆరబెట్టింది. ఆరినవాటిని గాలి చొరని కవరులో పెట్టి సంచిలో వేసుకుంది. ఒక చిన్న అమోనియా సీసా కూడా వేసుకుంది.

*

గురువారం ఉదయం పది గంటలకు మూసీ ఒడ్డున ఒక పాత లైను దగ్గర షామియానా వేశారు. వరుసగా నాలుగు మ్యాన్‌హోళ్ళు. శాఖ ఇంజనీరు రఘునందన్, మరో పన్నెండు మంది అధికారులు, రుమాళ్ళు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మీటరు ఎవరూ తేలేదు. మీటరు లేకుండా పని జరుగుతుందని చూపించడానికే కదా ఆ ప్రదర్శన.

మొదటి మూత తీశారు. శ్రీశైలం వంగి, మీథేన్ కొంచెం ఉందన్నాడు. రెండోదానిలో కార్బన్ డయాక్సైడ్. రెండింటిలోంచీ తీసిన గాలిని పక్కనే వ్యానులో పెట్టిన యంత్రం పరీక్షించి, అతను చెప్పింది నిజమేనంది. అధికారులు చప్పట్లు కొట్టారు. మూడోదానిలో సల్ఫైడ్ ఉంది. ఎంత లోతులో ఎంత ఉందో కూడా చెప్పగలడా అని రఘునందన్ అడిగాడు. శ్రీశైలం మోకాళ్ళ మీద కూర్చుని, సన్నటి గొట్టంతో అడుగు అడుగుకూ గాలి పైకి లాగించి, వాసన చూసి చెబుతూ పోయాడు. పావుగంట పైనే పట్టింది. అన్నీ సరిపోయాయి. ఇక చాలని రఘునందన్ యంత్రం ఉన్న వ్యానును పంపించేశాడు. దూరంగా నిలబడ్డ సులోచన గడియారం వంకే చూస్తోంది.

నాలుగో మ్యాన్‌హోల్‌లోకి మనుషులను దింపి చూపించాలి. మల్లేష్, ఎల్లయ్య అనే ఇద్దరు పనివాళ్ళు నడుముకు బెల్టులు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మూత లేచింది. శ్రీశైలం వంగి గట్టిగా గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు.

"ఏం లేదు సార్. మంచిగుంది. దిగొచ్చు."

అక్కడున్నవాళ్ళ ముక్కులన్నీ ఆ కంపుకు ఎప్పుడో మొద్దుబారాయి. ఎవరికీ ఏ తేడా తెలియలేదు. మల్లేష్ నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"మల్లేషూ, ఆగు," అంది సులోచన.

ఆమె ముందుకొచ్చి, సీసం కాగితాన్ని నీళ్ళతో తడిపి, దారానికి కట్టి, కింద ఒక ఇనుప నట్టు వేలాడదీసి లోపలికి వదిలింది. అగ్గిపుల్ల తీయలేదు. కింద మీథేన్ ఉంటే మంట చూపడమంటే చావును పిలవడమే. ఇరవై లెక్కపెట్టి దారం పైకి లాగింది. తెల్లగా దిగిన కాగితం కాటుకలా నల్లగా పైకొచ్చింది.

"ఎవ్వరు దిగొద్దు," అంది. "కింద సల్ఫైడ్ నిండుగ ఉన్నది."

రఘునందన్‌కు చిరాకేసింది. "ఏందమ్మా ఇది? ఎనిమిది వందల సార్లు తప్పని ముక్కును కాదని కాగితం ముక్కను నమ్మమంటవా?"

"అక్కా, నాకేం వాసన లేదు," అన్నాడు శ్రీశైలం. ఇంత మందిలో తల కొట్టేసినట్టయింది అతనికి. "కాగితానికి మూడోదాని గాలి తగిలిందేమో."

సులోచన సంచిలోంచి చిన్న సీసా తీసి, మూత విప్పి, తమ్ముడి ముక్కు కింద పెట్టింది. "ఇది ఏందో చెప్పు."

అతను పీల్చాడు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. రెండడుగుల దూరంలో ఉన్న ఎల్లయ్య ఘాటుకు దగ్గి వెనక్కి జరిగాడు.

"కండ్లు మండుతున్నయక్కా," అన్నాడు శ్రీశైలం మెల్లగా. "వాసన మాత్రం లేదు. ఏ వాసనా లేదు."

"అది అమోనియా తమ్మీ. నీ పోగు పనిజేస్తలేదు."

అతను నల్లకాగితం వంక, తెరిచి ఉన్న మ్యాన్‌హోల్ వంక చూశాడు. తర్వాత ఎవరి అనుమతీ అడగకుండా మల్లేష్ దగ్గరికి వెళ్ళి, వాడి నడుముకున్న బెల్టు తన చేతులతోనే విప్పాడు.

"నా మాట కాదు, అక్క మాట ఇను," అన్నాడు. "నాకు తెలుస్తలేదు. తెల్వనోని మాట మీద దిగొద్దు."

అరగంటకు ఆఫీసు నుంచి మీటరు తెప్పించి లోపలికి దించారు. అంకె ఐదు వందలు దాటి, ఇక చూపలేక ఆగిపోయింది. అక్కడ రెండు నిమిషాలుంటే మనిషి కుప్పకూలుతాడని రఘునందన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అతను షామియానా కిందికి వెళ్ళి కూర్చున్నాడు.

ఫర్హానా సులోచన చేతిలోని నల్లకాగితాన్ని తీసుకుని చాలాసేపు చూసింది. "మీరు అడిగారు," అంది. "నేను అర నిమిషం దగ్గరే ఆగిపోయాను. వాళ్ళిద్దరూ ఇవాళ నా మూలంగా దిగేవారు."

*

ఆ తర్వాత ల్యాబులో అసలైన పరీక్షలు జరిగాయి. పోగు కణాలను గాజుపలక మీద పెంచి, పావుగంట సల్ఫైడ్ తగిలించి చూస్తే, తొమ్మిది గంటలపాటు అవి ఏ వాయువుకూ పలకలేదు. ఆ సంగతి ఫర్హానా తానే శాఖకు రాసి పంపింది. తన పేరు కింద తన పొరపాటు కూడా రాసింది.

పోగు తీసేస్తామంటే మాత్రం శ్రీశైలం ఒప్పుకోలేదు. "కాగితం ఎట్లనూ ఉన్నది గద. పోగు గూడ ఉండనియ్యిన్రి," అన్నాడు. నాలుగు రోజులు ఎవరు చెప్పినా వినలేదు. ఐదో రోజు మంజులను వెంటబెట్టుకుని తానే ల్యాబుకు వచ్చాడు.

"తీస్తే పాత వాసనలు వస్తయా మేడం?"

"కొన్ని రావచ్చు. ఎన్ని అన్నది చెప్పలేను. ఇంకా ఆలస్యం చేస్తే ఏవీ రావు. ఇది మాత్రం ఖాయంగా చెప్పగలను."

అతను అక్క వైపు తిరిగాడు. "ఈ పోగుతోని భయం పోయిందన్న గదా. భయం పోయినందుకే ఆ రోజు మల్లేష్‌ను దిగుమన్న. అంతకుముందైతే అంత జల్ది అనేటోన్ని కాదు."

"మరి తీయించుకుంటవా?"

"తీయిన్రి."

పోగును కరిగించడానికి రెండు గంటలు పట్టింది. మొదటి నెల అతనికి అసలేమీ తెలియలేదు. రెండో నెలలో పెట్రోలు వాసన, తర్వాత ఉల్లిగడ్డ, ఆ తర్వాత వాన పడ్డ మట్టి తిరిగొచ్చాయి. మల్లెపూలు రాలేదు. సహస్రను ఎత్తుకున్నప్పుడు ఏదో లీలగా అందినట్టే ఉంటుందని, అది నిజమో తన ఆశో తెలియడం లేదని మంజులతో అన్నాడు. రోజూ ఎత్తుకుని చూడమంది ఆమె. అతను రోజూ ఎత్తుకునే చూస్తున్నాడు.

ఫర్హానా పోగును పక్కన పెట్టేయలేదు. మెదడును ఆక్రమించని రకం కోసం మళ్ళీ మొదలుపెట్టింది. అది తయారయ్యే దాకా శాఖ చేత ఒక నియమం రాయించింది. మీటరుతో పాటు సీసం కాగితం దిగనిదే మనిషి దిగకూడదు. కాగితం నల్లబడితే, పట్టుకున్నవాడు ఎంత చిన్న కూలీ అయినా, అతను ఆపిన పనిని ఇంజనీరు కూడా మొదలుపెట్టకూడదు. ఆ రెండో మాట సులోచన పట్టుబట్టి చేర్పించింది.

పనివాళ్ళకు నేర్పే బాధ్యత అక్కాతమ్ముళ్ళ మీద పడింది. మొదటి తరగతికి కమ్యూనిటీ హాలులో ఇరవై రెండు మంది వచ్చారు. సులోచన సున్నపు తేటను తెల్లబరిచి చూపించింది, నిప్పుపుల్లను మండించి చూపించింది, ఎవరి చేతుల్తో వాళ్ళ చేత చేయించింది. ఈ చీపురు పుల్లలను లోపలికి మాత్రం దింపొద్దని పదిసార్లు చెప్పింది. ఎల్లయ్య లేచి, బడిలో ఇవన్నీ ఉంటాయని తెలిస్తే తాను బడి మానేసేవాణ్ణి కాదన్నాడు. హాలంతా నవ్వింది.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం మల్లేష్ నుంచి సులోచనకు ఫోన్ వచ్చింది.

"అక్కా, ఇక్కడొక అపార్ట్‌మెంట్ల పని. మీటరుల ఏం వస్తలేదు, అది బంగారమోలె ఉన్నదంటుండు మేనేజరు. కాగితమేమో నల్లగైంది. దిగకుంటే వేరే ఆళ్ళను పిలుస్తనని బెదిరిస్తుండు. మేం మూత పెట్టి దాని మీద కూసున్నం."

ఆమె, శ్రీశైలం వెళ్ళేసరికి మల్లేష్ మూత మీద, మిగిలిన ముగ్గురు దాని చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. మేనేజరు ఫోనులో ఎవరి మీదో అరుస్తున్నాడు. శ్రీశైలం అతని చేతిలోని మీటరు తీసుకుని చూశాడు. దాన్ని సరిచూడాల్సిన తేదీ దాటి ఏడాదయింది. తేదీ చూపించి తిరిగి ఇచ్చేశాడు. కొత్త కాగితం తడిపి, దారానికి కట్టి, ఆ దారాన్ని మేనేజరు చేతికే అందించాడు.

"మీరే దింపిన్రి సార్. మేం ముట్టుకోం."

మల్లేష్ లేచి మూత పక్కకు జరిపాడు. మేనేజరు దారం వదిలాడు, కాసేపాగి లాగాడు. చివర వేలాడుతున్న నల్లకాగితాన్ని చూసి, ఆ నలుపు చేతికి పాకుతుందేమోనన్నట్టు దూరంగా పట్టుకున్నాడు.

"ఇప్పుడు ఏం చేద్దామంటరు?" అని అడిగాడు. గొంతు తగ్గింది.

"యంత్రాన్ని పిలిపియ్యిన్రి. అది వచ్చేదాంక ఈళ్ళకు నీడల కూసునేటందుకు చోటు చూపియ్యిన్రి," అన్నాడు శ్రీశైలం.

యంత్రం రావడానికి మూడు గంటలు పట్టింది. అది వచ్చేలోపు మల్లేష్ మూతను యథాస్థానంలోకి జరిపి మళ్ళీ దాని మీదే కూర్చున్నాడు. మేనేజరు వాచ్‌మన్‌తో కుర్చీలు పంపించాడు. వేరేవాళ్ళను దింపుతారేమోనని నలుగురిలో ఒక్కరూ వాటిలో కూర్చోలేదు, మూత వదిలి కదల్లేదు.